ఇస్త్రీపెట్టె తప్పేం లేదు

మా అమ్మ ఇస్త్రీపెట్టెను పాత చీరముక్కలో చుట్టి అటక మీద పెట్టేసింది. పది రోజులు తిరక్కుండానే మిక్సీకీ అదే గతి పట్టింది. కార్తీకమాసం వచ్చేసరికి గీజరు మీద కూడా అనుమానం పడి, కట్టెలపొయ్యి మీద నీళ్లు కాచుకోవడం మొదలుపెట్టింది.

పాయకరావుపేటలోని మా ఇంట్లో ఆ ఏడు వానలు ముదిరాక మొదలైన గొడవ ఇది. ఇస్త్రీపెట్టె పెట్టగానే మీటరు దగ్గరున్న ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చు టక్కున పడిపోయేది, ఇల్లంతా చీకటయ్యేది. అదే ఇస్త్రీపెట్టెను పక్కింట్లో పెడితే గంటసేపు బట్టలు ఇస్త్రీ చేసినా ఏమీ అయ్యేది కాదు. మిక్సీని కొట్టుకు పట్టుకెళ్తే అన్నీ చూసి, బాగానే ఉందని తిప్పి పంపారు. అక్కడ మంచివైన వస్తువులన్నీ మా ఇంటి గడప దాటగానే దోషులవుతున్నాయి.

నేను విశాఖపట్నం నుంచి శనివారం శనివారం వచ్చేవాణ్ని. వచ్చిన ప్రతిసారీ ఒక నిర్ణయం తీసుకునేవాణ్ని. మొదటి వారం ఇస్త్రీపెట్టె పాడైందన్నాను. రెండో వారం ఆర్‌సీసీబీయే నాసిరకం అన్నాను. దాన్ని బిగించిన మేస్త్రికి ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను. వేరే మనిషిని పిలిచి కొత్తది వేయించాను. ఆ కొత్తది మర్నాటి సాయంత్రమే పడిపోయింది.

మూడో వారం కుర్చీ వేసుకుని ఆ బోర్డు ముందే కూర్చున్నాను. ఆర్‌సీసీబీ ఒక్కటే పైకి పెట్టి, కింద వరుసలో ఒక్కో లైనుకు స్విచ్చుల్లా ఉన్న ఎమ్‌సీబీలన్నీ దించేశాను. ఇంట్లో ఒక్క బల్బు వెలగడం లేదు, ఒక్క ఫ్యాను తిరగడం లేదు. ఏడు దాటాక టక్‌మని మళ్లీ పడిపోయింది. ఏమీ వాడకుండానే పడిపోయింది.

అమ్మ వంటింటి గుమ్మంలోంచి అంది. "పోనీరా, అది పీకేసి తీగలు నేరుగా కలిపేయమను. ఇన్నేళ్లు అది లేకుండానే బతికాం కదా."

ఆ మాటకు ఆ రాత్రి నేను దాదాపు ఒప్పుకున్నాను. ఈ అధ్యాయం రాస్తున్నది ముఖ్యంగా ఆ "దాదాపు" కోసమే. కారణం తెలియని ఇబ్బంది ఎదురైనప్పుడు మనం రెండు తప్పులు చేస్తాం. ఎదురుగా కనిపించినదాని మీద నింద వేస్తాం, అదీ కుదరకపోతే మనల్ని హెచ్చరిస్తున్నదాన్నే పీకి పారేస్తాం. ఇంటి వైరింగులో ఈ రెండూ ప్రాణం మీదకు తెస్తాయి. తప్పు కనిపించిన చోటు వేరు, తప్పు ఉన్న చోటు వేరు అన్న ఒక్క మాట ఒంటబట్టితే చాలు, రెండింటినీ తప్పించుకోవచ్చు.

సగమే ఆపారు

మర్నాడు పొద్దున్నే సిగ్గుపడుతూ ఆ పాత మేస్త్రికే ఫోన్ చేశాను. అరవై దాటిన మనిషి. తాండవ వంతెన మీదుగా తుని నుంచి సైకిల్ మీద వచ్చాడు. నేను ఫోన్లో అన్న మాటల ఊసే ఎత్తలేదు.

"అన్నీ ఆపేసినా పడిపోతోందండీ" అన్నాను.

"అన్నీ ఆపలేదండి బాబూ. సగమే ఆపారు" అన్నాడాయన.

ఆ ఒక్క ముక్కలో విషయమంతా ఉంది. చాలా ఇళ్ల బోర్డుల్లో ఉండే ఒంటి పోలు ఎమ్‌సీబీ ఫేజు తీగను మాత్రమే తెంపుతుంది. కరెంటు వెళ్లే దారి మూసుకుంటుంది గానీ, తిరిగొచ్చే దారి అయిన న్యూట్రల్ తీగ అలాగే కలిసి ఉంటుంది. ఇంట్లోని నల్ల తీగలన్నీ న్యూట్రల్ లింకు అనే ఇత్తడి పట్టీ మీద చేరి, ఆర్‌సీసీబీ గుండా బయటికి పోతాయి. నేను ఎమ్‌సీబీలు దించి "లైన్లన్నీ ఆగాయి" అనుకున్నాను. తప్పు నల్ల తీగలో ఉంటే నేను ఆపింది ఏమీ లేదన్నమాట.

ఆర్‌సీసీబీ చేసే పని ఇప్పుడు చెబుతాను. మా తాండవ వంతెనకు ఇటు పాయకరావుపేట, అటు తుని. వంతెన మొదట్లో ఒక మనిషి కూర్చుని, అటు వెళ్లినవాళ్లెంతమంది, తిరిగొచ్చినవాళ్లెంతమంది అని లెక్క రాస్తున్నాడనుకోండి. వెళ్లినంతమందీ వంతెన మీదే తిరిగొస్తే లెక్క సరిపోతుంది. లెక్క తగ్గిందంటే ఎవరో ఏటిలోకి దిగి వేరే దారిన వస్తున్నారన్నమాట. ఆర్‌సీసీబీ సరిగ్గా ఈ లెక్కే రాస్తుంది. ఫేజులో వెళ్లిన కరెంటూ న్యూట్రల్లో తిరిగొచ్చిన కరెంటూ ఒకటేనా అని చూస్తుంది. ఇళ్లకు వాడే రకంలో తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరిందంటే దారి మూసేయాల్సిందే. చాలావరకు అంతకన్నా ముందే మూసేస్తుంది.

వెళ్లింది తిరిగి రావాలన్న ఈ లెక్కను 1845లో సూత్రంగా చెప్పినవాడు గుస్తావ్ కిర్కాఫ్. అప్పటికి అతను 21 ఏళ్ల విద్యార్థి. ఆ లెక్క మీద మనిషి ప్రాణాన్ని నిలబెట్టవచ్చని పట్టుదలగా పనిచేసినవారిలో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ప్రొఫెసర్ చార్లెస్ డాల్జీల్ ముఖ్యుడు. షాకు తగిలినప్పుడు ఎంత కరెంటు దాకా మనిషి తీగను వదలగలడో ఆయన స్వచ్ఛంద సేవకుల మీద జాగ్రత్తగా కొలిచాడు. మగవాళ్లలో అది సగటున 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్లలో పదిన్నర దగ్గర. అంతకు మించితే చెయ్యి ముడుచుకుపోయి తీగను వదలదు. తొమ్మిది వాట్ల బల్బు ఒకటి వెలగడానికే అంతకన్నా ఎక్కువ కరెంటు కావాలి. అమ్మ పీకేయమన్న ఆ చిన్న డబ్బా కాపలా కాస్తున్నది ఈ సన్నని గీత దగ్గర.

ఇప్పుడు మా ఇస్త్రీపెట్టె దగ్గరికి రండి. మా ఇంట్లో ఎక్కడో ఒక నల్ల తీగ ఎర్తును తాకుతోంది. అంటే వంతెన పక్కనే ఏటిలోకి ఒక కాలిబాట పడింది. తిరిగొచ్చే ప్రతి కొన్ని వందలమందిలో ఒకరిద్దరు ఆ బాట పడుతున్నారు. ఫ్యాను ఒక్కటే తిరుగుతుంటే వచ్చేవాళ్లే కొద్దిమంది, కాబట్టి తేడా లెక్కకు అందదు. గీజరు వేస్తే జనం పోటెత్తుతారు, తేడా పట్టుబడుతుంది.

అంకెల్లో చూద్దాం. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద 8.7 ఆంపియర్లు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మరు దాకా న్యూట్రల్ తీగ నిరోధం 0.3 ఓములు అనుకుంటే, మా ఇంటి దగ్గర న్యూట్రల్లో సుమారు 2.6 వోల్టుల ఒత్తిడి నిలుస్తుంది. ఎర్తు దారి మొత్తం నిరోధం 50 ఓములైతే అందులోకి 52 మిల్లీ ఆంపియర్లు జారుకుంటాయి. ఆర్‌సీసీబీ పడి తీరుతుంది. 75 వాట్ల ఫ్యానుతో అదే లెక్క వేస్తే జారేది రెండు మిల్లీ ఆంపియర్లే. అందుకే ఫ్యాను మంచిదైంది, గీజరు చెడ్డదైంది. నిజానికి రెండూ మంచివే.

మరి ఏమీ వాడకుండా సాయంత్రం ఏడింటికి ఎందుకు పడింది? వీధిలో అందరి న్యూట్రలూ చివరికి ఒకే తీగ. పొద్దుగూకాక ఇళ్లన్నిట్లో వాడకం పెరిగి ఆ తీగలో కొన్ని వోల్టులు నిలుస్తాయి. మా ఇంట్లో ఏదీ వాడకపోయినా, ఆ ఒత్తిడే మా నల్ల తీగ గుండా వచ్చి ఎర్తులోకి దారి చేసుకుంది. ఊరి బరువు మా ఇంటి తప్పును బయటపెట్టింది.

"ఏది?" కన్నా ముందు "ఎప్పుడు?"

మేస్త్రి వెంటనే బోర్డు విప్పలేదు. మంచినీళ్లు తాగి, అరుగు మీద కూర్చుని వరసగా అడిగాడు. ఎప్పట్నుంచి పడుతోంది? వానలకు ముందా, తర్వాతా? ఎండ కాసిన రోజున పడిందా? ఎన్ని గంటలకు? అప్పుడు ఏమేం నడుస్తున్నాయి? ఇంట్లో ఈమధ్య మేకు కొట్టడం, గోడ తొలవడం, కొత్త దీపం పెట్టడం ఏమైనా జరిగాయా?

నేను మూడు వారాలుగా "ఏది పాడైంది?" అనే ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాను. ఆయన ఆ ప్రశ్న అడగనే లేదు. "ఏది" అన్న ప్రశ్న మనల్ని ఊహలోకి తోస్తుంది. "ఎప్పుడు" అన్న ప్రశ్నకు జవాబు ఇంట్లో జరిగినవాటిలోనే ఉంటుంది.

కాబట్టి మొదటి పని ఇది. మీటరు బోర్డు పక్కన మేకుకు ఒక చిన్న పుస్తకం, పెన్సిలు వేలాడదీయండి. ఇబ్బంది వచ్చిన ప్రతిసారీ అయిదు సంగతులు రాయండి: తేదీ, వేళ. వాన, ఎండ, గాలి. ఏ ఎమ్‌సీబీ లేదా ఆర్‌సీసీబీ పడింది. ఆ క్షణాన ఎవరు ఏ స్విచ్చు వేశారు. అప్పటికే ఏవి నడుస్తున్నాయి. మీ అభిప్రాయం మాత్రం రాయకండి. "గీజరు వల్ల పడింది" అని రాస్తే ఆ పేజీ పాడైనట్టే. "గీజరు వేసిన నిమిషానికి పడింది" అని రాయండి.

ఏడెనిమిది వరసలు నిండేసరికి ఒక తీరు కనిపిస్తుంది. వాన పడ్డాకే వస్తుంటే తడి చేరే చోట్లు చూడాలి: ప్రహరీ దీపం, డాబా మీది బోర్డు, స్లాబులోని ఫ్యాను బాక్సు. గాలి వీచినప్పుడే లైట్లు మినుకుమంటుంటే సర్వీసు వైరు కలిసే చోట చూడాలి. పెద్ద వస్తువు ఏది వేసినా వస్తుంటే ఆ వస్తువులను వదిలేసి, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న దారి వైపు చూడాలి. ఒకే వస్తువుతో, ఏ ప్లగ్గులో పెట్టినా వస్తుంటే అప్పుడు ఆ వస్తువును అనుమానించండి.

మా ఊరి గాలి గురించి ఒక మాట. పెంటకోట తీరం మాకు దగ్గర. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. అది బోర్డుల లోపల, తీగల ముడుల మీద సన్నని పొరగా దిగుతుంది. ఎండలో ఆ పొర ఏమీ చేయదు. గాలిలో తేమ పెరగగానే అది నీటిని పీల్చి కరెంటుకు దారి ఇస్తుంది. రాగి మీద ఆకుపచ్చ చిలుము, ఇనుప స్క్రూ మీద తుప్పు, అల్యూమినియం సర్వీసు వైరు రాగితో కలిసే చోట తెల్లని పొడి వస్తాయి. పొద్దున వచ్చి మధ్యాహ్నానికి మాయమయ్యే తప్పులకు తీరప్రాంతపు ఇళ్లలో చాలాసార్లు ఇదే మూలం. 2014 అక్టోబరు 12న విశాఖ తీరాన్ని తాకిన హుద్‌హుద్‌ తుఫానును చూసినవాళ్లకు గాలి తీగలను ఏం చేయగలదో చెప్పనక్కర్లేదు. ఉప్పు మాత్రం అంత చప్పుడు చేయదు, ఏళ్ల తరబడి తింటుంది.

ఒక్కొక్కటిగా విడదీయండి

మేస్త్రి మెయిన్ దించాడు. ఇన్వర్టరు కూడా ఆపి, దాని తీగ వేరు చేశాడు. ఇది చాలామంది మరిచిపోయేది. మెయిన్ దించినా ఇన్వర్టరు ఉన్న ఇంట్లో కొన్ని తీగల్లో కరెంటు అలాగే ఉంటుంది. ఇంట్లోని ప్లగ్గులన్నీ తీయించాడు. తర్వాత న్యూట్రల్ లింకు మీది నల్ల తీగలను ఒక్కొక్కటే విప్పి, ప్రతిదానికీ కాగితం ముక్క అంటించి అంకె వేశాడు. ఇన్సులేషను కొలిచే మెగ్గరు తీసి, 500 వోల్టుల మీద ఒక్కో తీగకూ ఎర్తుకూ మధ్య కొలిచాడు. బాగున్న లైనులో అది ఒక మెగ్ ఓము కన్నా తగ్గకూడదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు బాగున్నాయి. అయిదో తీగ దగ్గర మెగ్గరు సున్నాను అంటిపెట్టుకుంది.

"ఇదెక్కడికి పోతోందండి?"

నాకు తెలియలేదు. అమ్మ చెప్పింది. "గేటు దీపానికి కదరా."

మూడేళ్ల కిందట సంక్రాంతికి చుట్టాలు వస్తున్నారని, ఒక్క మధ్యాహ్నంలో పని అయిపోవాలని తొందరపెట్టి నేనే పెట్టించిన దీపం అది. ఇంట్లో కొత్తగా ఏమైనా పెట్టించారా అని అడిగితే లేదన్నానే, అప్పుడు నా మనసులోకి కూడా రాలేదు. స్తంభం మీది ఇనుప బాక్సు మూత తీస్తే లోపల చీమలు, తడిమట్టి. తీగ బాక్సులోకి దూరే రంధ్రానికి రబ్బరు బుష్షు వేయలేదు. ఇనుప అంచు నల్ల తీగ పైపొరను కోసుకుపోయింది. బయటపడిన రాగి పచ్చగా చిలుము పట్టి, ఎర్తు చేసిన ఆ ఇనుమును ఆనుకుని ఉంది. దీపం మూడేళ్లుగా చక్కగా వెలుగుతూనే ఉంది. అందుకే దాని వైపు ఎవరం చూడలేదు.

బాగుచేయడానికి అయింది రెండు అడుగుల వైరు, ఒక బుష్షు, వాన దూరని ప్లాస్టిక్ బాక్సు. పట్టిన సమయం అరగంట. నేను పోగొట్టుకున్నవి మూడు వారాలు, కొత్త ఆర్‌సీసీబీ ధర, ఒక మంచి మనిషి దగ్గర నా మాట విలువ.

ఇక్కడ మీరు పట్టుకోవాల్సినవి రెండు. ఒకటి, ఒకసారి ఒక్క మార్పే చేయండి. ఆర్‌సీసీబీ మార్చి, ప్లగ్గు మార్చి, ఇస్త్రీపెట్టె తీగ మార్చి, తర్వాత ఇబ్బంది తగ్గితే ఏది పనిచేసిందో మీకు ఎప్పటికీ తెలియదు. రెండు, మీరు విడదీశాననుకున్నది నిజంగా విడిపోయిందో లేదో చూసుకోండి. పరీక్ష సరిగా లేకపోతే దాని జవాబు మిమ్మల్ని మరింత దూరం తీసుకెళ్తుంది.

ఇంటింటా కనిపించే నాలుగు చిక్కులు

ఇదే చూపుతో, మన ఇళ్లలో తరచూ వచ్చే మరో నాలుగు చిక్కులు చూద్దాం.

ప్లగ్గు రెండు రంధ్రాల్లోనూ టెస్టరు వెలగడం మొదటిది. ఫ్యాను తిరగదు, బల్బు వెలగదు, టెస్టరు మాత్రం రెండు వైపులా వెలుగుతుంది. "రెండు ఫేజులు వచ్చేశాయి" అంటారు. చాలావరకు జరిగింది అది కాదు. న్యూట్రల్ ఎక్కడో తెగింది. స్విచ్చు వేసి ఉన్న బల్బు గుండానో ఫ్యాను గుండానో ఫేజు అవతలికి దాటి, దారి లేక ఆ నల్ల తీగలో నిలబడిపోయింది. ఆ లైను మీది స్విచ్చులన్నీ ఆపి, ప్లగ్గులు తీసేస్తే రెండో రంధ్రంలో వెలుగు పోతుంది. తప్పు ఆ ప్లగ్గులో ఉండదు, ఆ గదికి కరెంటు వచ్చే దారిలో ముందున్న బోర్డులోనో జంక్షన్ బాక్సులోనో వదులైన ముడిలో ఉంటుంది. అప్పటిదాకా ఆ నల్ల తీగను ఎర్ర తీగలాగే భయంతో చూడండి, షాకు కొడుతుంది. టెస్టరు మన ఒంటి గుండా మిల్లీ ఆంపియరులో కొద్ది భాగాన్ని పోనిచ్చి వెలుగుతుంది. ఒత్తిడి ఉందని చెబుతుంది గానీ, అది ఏ దారిన వచ్చిందో చెప్పలేదు. టెస్టరు వెలగలేదు కాబట్టి తీగలో కరెంటు లేదనీ నమ్మకండి. పొడి చెప్పులు, పొడి నేల ఉంటే అది మోసం చేయగలదు.

రెండోది, ఒక గదిలో లైట్లు మిరుమిట్లు గొలుపుతూ, ఇంకో గదిలో మసకబారినట్టు ఉండడం. ఇది వెంటనే కదలాల్సిన సంగతి. మూడు ఫేజుల సర్వీసులో ఉమ్మడి న్యూట్రల్ వదులైతే, రెండు ఫేజుల మధ్య ఉండే దాదాపు 400 వోల్టులను రెండు గదుల వస్తువులూ పంచుకుంటాయి. సమానంగా పంచుకోవు. తక్కువ కరెంటు లాగే టీవీ మీద ఎక్కువ వోల్టేజీ పడుతుంది, కాలిపోతుంది. ఒంటి ఫేజు ఇంట్లో కూడా వీధి న్యూట్రల్ తెగితే ఇదే జరుగుతుంది. కారణం వెతుకుతూ నిలబడకండి. మెయిన్ దించండి, పక్కింటివాళ్లకు చెప్పండి, 1912కు ఫోన్ చేయండి. స్తంభం మీది పని విద్యుత్ సంస్థ లైన్‌మేన్‌ది, ఇంకెవరిదీ కాదు.

మూడోది, స్విచ్చు ఆపినా ఎల్‌ఈడీ బల్బు మసకగా వెలగడం. స్విచ్చులో చిన్న ఎర్ర దీపం ఉంటే దాని గుండా పోయే కొద్దిపాటి కరెంటే అందుకు చాలు. పొడుగాటి పైపులో పక్కపక్కనే పోయే తీగల వల్లా కొంచెం జారుతుంది. ఈ రెండింటితో ప్రమాదం లేదు. మూడో కారణం ఉంటే ప్రమాదం. స్విచ్చు ఫేజుకు బదులు న్యూట్రల్‌ను తెంపుతూ ఉంటే, స్విచ్చు ఆపినా హోల్డరులో ఫేజు అలాగే ఉంటుంది. బల్బు మార్చడానికి స్టూలు ఎక్కినవాళ్లకు షాకు తగిలి కింద పడే అవకాశం ఉంది. బల్బు మసకగా వెలుగుతోందని చులకన చేయకుండా, ఆ స్విచ్చు ఏ తీగను తెంపుతోందో ఒకసారి చూపించండి.

నాలుగోది అన్నిటికన్నా భయపడాల్సింది. కుళాయి తాకితే, కిటికీ ఊచ పట్టుకుంటే జివ్వుమనడం. "కొంచెమేలే" అని చెప్పులు వేసుకుని స్నానానికి వెళ్తారు. లెక్క చూడండి. ఎండిపోయిన ఎర్తు గుంత నిరోధం 50 ఓములు ఉందనుకోండి. ఫేజు తీగ నేరుగా గీజరు ఒంటిని తాకినా 230 వోల్టులకు పారేది 4.6 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎమ్‌సీబీకి అది చీమ కుట్టినట్టు కూడా ఉండదు, పడదు. గీజరు, దానికి కలిసిన ఇనుప పైపులు కరెంటుతో నిండి అలాగే ఉంటాయి. ఆ ఎర్తుకు కలిసిన మిగతా వస్తువుల ఒంటికీ అది పాకుతుంది. మీకు షాకు కొట్టే కుళాయి మీ వంటింట్లో ఉండి, పాడైన గీజరు మేడ మీద అద్దెవాళ్ల స్నానాలగదిలో ఉండవచ్చు. ఎమ్‌సీబీ కాపాడేది తీగను, ఆర్‌సీసీబీ కాపాడేది మనిషిని. ఇంట్లో రెండూ ఉండాలి. ఎర్తు గుంతను వేసవిలో తడుపుతూ ఉండాలి, దాని నిరోధాన్ని ఏడాదికోసారి కొలిపించాలి.

వదులు ముడి గురించి కూడా చెప్పి ముగిస్తాను. స్విచ్చో ప్లగ్గో చేతికి వెచ్చగా తగిలితే దాని లోపల స్క్రూ వదులైందని అనుమానించండి. ఆ ముడిలో అర ఓము నిరోధం చేరి, పది ఆంపియర్లు పారితే, అక్కడ 50 వాట్ల వేడి పుడుతుంది. గాలి ఆడని గోడ బాక్సులో వెలుగు లేని బల్బు ఒకటి మండుతున్నట్టు లెక్క. ఎమ్‌సీబీకి అది తెలియదు, ఎందుకంటే పారే కరెంటు మామూలుగానే ఉంది. మీ ముక్కూ మీ వేళ్లూ మాత్రమే దాన్ని పసిగట్టగలవు.

గీత ఎక్కడ గీసుకోవాలి

ఈ అధ్యాయం చదివి మీరు బోర్డు విప్పకూడదు. గమనించడం, రాయడం, ప్లగ్గులు తీయడం, ఎమ్‌సీబీలు దించి చూడడం, వాసననూ వెచ్చదనాన్నీ పసిగట్టడం ఇంటివాళ్ల పనులు. మూత విప్పడం, తీగ తాకడం, మెగ్గరు పెట్టడం లైసెన్సు ఉన్న పనివాళ్లవి. ఆర్‌సీసీబీ పడితే ఒక్కసారి పైకి పెట్టి చూడొచ్చు. వెంటనే మళ్లీ పడితే బలవంతం చేయకండి. ఏ పరిస్థితిలోనూ దాన్ని దాటించి తీగలు నేరుగా కలపనివ్వకండి. మా ఇంట్లో ఆ రాత్రి అలా కలిపేసి ఉంటే ఇస్త్రీపెట్టె, మిక్సీ, గీజరు మళ్లీ చక్కగా నడిచేవి. మేమంతా తప్పు పోయిందనే అనుకునేవాళ్లం. తర్వాత ఏదో ఒక వానలో, అదే ఇనుప అంచు నల్ల తీగతో పాటు పక్కనున్న ఎర్ర తీగనూ కోసేది. గేటు తీయడానికి తడి చేత్తో ముందుగా వెళ్లేది మా అమ్మే.

మంచి మేస్త్రి దొరికితే ఆయనకు మీరు ఇవ్వగలిగిన గొప్ప సాయం ఆ చిన్న పుస్తకమే. "ఏదో అవుతోందండీ, చూడండి" అంటే ఆయన సగం రోజు ఊహల్లో పోతుంది. "పదిసార్లు పడింది, అందులో తొమ్మిది వాన పడ్డ రోజులే" అంటే ఆయన నేరుగా ప్రహరీ వైపు నడుస్తాడు.

ఈ వారం చేయాల్సినవి

ఆర్‌సీసీబీ మీద టెస్ట్ అని రాసి ఉన్న మీట నొక్కండి. వెంటనే పడాలి. పడకపోతే అది మిమ్మల్ని కాపాడడం లేదు, మార్పించండి. ఇక నుంచి నెలకోసారి నొక్కడం అలవాటు చేసుకోండి.

ఒక్కో ఎమ్‌సీబీ దించి ఏ గదిలో ఏది ఆగిందో చూసి, దాని కింద పేరు రాసి అంటించండి. ఇంట్లో వయసులో పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ దీపం ఎప్పుడు పెట్టించారో అడిగి రాసుకోండి. మా ఇంటి చిక్కు విప్పిన మాట అమ్మ జ్ఞాపకంలోంచే వచ్చింది.

రాత్రి వంట, ఇస్త్రీ అయ్యాక ప్లగ్గులూ స్విచ్చులూ వేళ్ల వెనక వైపుతో తాకి చూడండి. వెచ్చగా ఉన్నదాన్ని వాడడం ఆపి, పనివాళ్లను పిలవండి.

చివరిది తీగలకు సంబంధించింది కాదు. మీ ఇంట్లో ఇలాంటి చిక్కు నడిచిన రోజుల్లో మీరు ఎవరి మీద నింద వేశారో గుర్తు చేసుకోండి. నేను గేటు దీపం బాగయిన మరుసటి ఆదివారం వంతెన దాటి ఆ మేస్త్రి ఇంటికి వెళ్లాను. ఫోన్లో అన్న మాటలకు క్షమించమని అడిగాను. ఆయన నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించి, "మీ అమ్మగారు ఇస్త్రీపెట్టె కిందకు దించారా?" అని అడిగాడు.

అప్పటికే దించింది. ఆ రోజు నేను వేసుకెళ్లిన చొక్కా దానితో ఇస్త్రీ చేసినదే.